అమ్మ పంపిన ఉలవలు

ఫింటాస్‌లో జనవరి చలి. మా పాపకు జ్వరం తగ్గినా అన్నం సయించడం లేదు. పక్క ఫ్లాట్‌లోని ఈజిప్టు ఆవిడ వేడివేడి అదస్, అంటే మన ఎర్రపప్పు సూప్, నిమ్మచెక్కతో తెచ్చి ఇచ్చింది. పాప ఇష్టంగా తాగింది.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా! అలమరలో అమ్మ గుడివాడ నుంచి పంపిన ఉలవల పొట్లం ఉంది. అమ్మ పోయి ఏడాది. విప్పితే అమ్మ పంపినదంటూ ఇంకేమీ మిగలదని దాచుకున్నాను.

"పురుగు పడితే అమ్మమ్మ బాధపడదా?" అంది పాప.

ఆ రాత్రే గ్లాసు ఉలవలు నానబెట్టాను. పొద్దున 6 గ్లాసుల నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించి కట్టు వంచాను. చింతపండు పులుసు, ఉప్పు, కారం, చిన్న బెల్లంముక్క వేసి, సన్నసెగ మీద చిక్కబడేదాకా మరిగించాను. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టాను. మా ఊళ్లో ఉడికిన ఉలవలు ఎద్దులకు, కట్టు చారుకు అంటే పాప పకపకా నవ్వింది.

మీగడ బదులు డబ్బా క్రీమ్ వేసి అన్నం కలిపితే మారు అడిగి మరీ తింది. పక్కింటి గిన్నె నింపి ఇచ్చాను.

"ఇది మీ అదసా?" అందావిడ.

"అవునండీ, మా అమ్మ అదస్" అన్నాను.

పొట్లంలో ఇంకో గ్లాసుడు ఉన్నాయి. ఈసారి పాపే నానబోస్తుందట. మీ అలమరలోనూ అలాంటి పొట్లం ఉంటే దాచకండి, వండండి.