పసుపుతో మానని గాయం

విజయదశమి అర్ధరాత్రి. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు కొండమీద మాళమల్లేశ్వరుడి కల్యాణం ముగుస్తుంది. కాగడాల వెలుగులో ఉత్సవమూర్తులు కిందికి దిగగానే ఇనుప తొడుగుల కర్రలు పైకి లేస్తాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం ఒకవైపు... చుట్టుపక్కల పల్లెలవాళ్లు మరోవైపు. అదే బన్ని ఉత్సవం! తలలు పగులుతాయి. పగిలినచోట బండారు, అంటే పసుపు, అద్దుకుని మళ్లీ గుంపులో కలిసిపోతారు. ఏటా పోలీసులు వద్దంటూనే ఉంటారు, వైద్య శిబిరాలు పెడుతూనే ఉంటారు. కర్ర మాత్రం ఆగదు.

తెల్లవారాక అక్కడే భవిష్యవాణి. వానలెలా ఉంటాయి, పంటలకు ధర పలుకుతుందా అని రైతులు చెవులు రిక్కించి వింటారు. ఈ మెట్ట నేలమీద పడిన వాన వాగుల వెంట తుంగభద్రకు చేరుతుంది. మంత్రాలయం, కర్నూలు దాటి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం, సాగర్, ప్రకాశం బ్యారేజీ... ఆపైన డెల్టా కాల్వలు. అక్కణ్నుంచి కొల్లేటి పక్కనున్న చేపల చెరువులు.

అక్కడా ఒక గాయం ఉంది. పైకి కనిపించదు. బుడమేరు, తమ్మిలేరు పట్టణాల మురుగును కొల్లేటికి మోసుకొస్తాయి. సరస్సు అడుగు మట్టిలో, తినే చేపల్లో భారలోహాలు చేరాయని హైదరాబాద్ శాస్త్రవేత్తలు 2004లోనే ప్రకటించారు. సీసం, కాడ్మియం లాంటివి కుళ్లవు, నశించవు. చేప ఒంట్లో పేరుకుని, పళ్లెంలోకి వస్తాయి.

దీనికి మందు వెతుకుతున్నవాళ్లు మహారాష్ట్రలోని బారామతిలో ఉన్నారు. అక్కడి జాతీయ అజీవ ఒత్తిళ్ల యాజమాన్య సంస్థలో నీరజ్ కుమార్ బృందం పంగాసియస్ చేప మీద ప్రయోగాలు చేసింది. మన చెరువుల్లోనూ విరివిగా పెంచే చేపే అది. సీసం కలిసిన నీళ్లలో, ఎక్కువ వేడిలో ఉంచి, నానో సెలీనియం కలిపిన మేత పెట్టారు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ రేణువులు ఆ కొలతలో లెక్కించేంత చిన్నవి. కిలో మేతకు 1 మిల్లీగ్రాము, అంతకన్నా తక్కువే చాలు. విషాన్ని తట్టుకునే ఎంజైములకు సెలీనియం బలమిస్తుంది. చేప తేరుకుంది, వ్యాధి నిరోధక శక్తి పెరిగింది. అయితే మోతాదు మించితే సెలీనియమే విషం!

ఎంత మంచి మందైనా అది చేప ఒంట్లోనే పనిచేస్తుంది. చెరువు అడుగున చేరిన సీసం అక్కడే ఉంటుంది. దేవరగట్టు బండారు నెత్తురును ఆపుతుందేమో గానీ కర్రను ఆపదు. ఇక్కడా అంతే. మేతలో మందు కలపడం రైతు పని. ఏట్లోకి విషం వదలకుండా చూడటం ఊళ్ల పని, ఫ్యాక్టరీల పని, ప్రభుత్వం పని. ఆ రెండోది జరగనంతకాలం కొల్లేటి చేపకు ఎప్పుడూ కొత్త గాయమే.