లక్క గాజుల గల్లీ

చార్మినార్ ముందు నిలబడి పడమటి వైపు తిరిగితే కనిపించే వీధి లాడ్ బజార్. అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ చూడీ బజార్ అనే అనేది. ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే చీరల కంటే ముందు ఆ గల్లీ మాటే వచ్చేది. పాతబస్తీ ముస్లిం ఇళ్ళలో లక్క గాజుల జోడా లేనిదే పెళ్ళి సరుకు పూర్తి కాదు. వాళ్ళతో కలిసి బతికిన మా ఇంటికీ ఆ ముచ్చట అబ్బింది.

నాకు అప్పట్లో దుకాణాల తళుకుల కన్నా, పక్క సందులో అరుగు మీద వెలిగే బొగ్గుల కుంపటి ఇష్టం. అమ్మమ్మ బేరంలో మునిగిందంటే నేను అక్కడికి చేరేదాన్ని. లక్క ముద్ద సెగకు కరిగి బెల్లం పాకంలా సాగేది. దాన్ని వేడి రేకు మీద చెక్కతో దొర్లించి తాడులా చేసి, కొలతకు కోసి, రెండు కొసలనూ సెగ మీద అతికేవాళ్ళు. తర్వాత కర్ర అచ్చుకు తొడిగి గుండ్రంగా తెచ్చేవాళ్ళు. అసలు పని ఆ పైన మొదలవుతుంది. గాజును మళ్ళీ సెగకు చూపిస్తూ, మెత్తబడ్డ చోట ఒక్కో రాయినీ పట్టి లోపలికి నొక్కాలి. వేడి తగ్గితే రాయి దిగదు, ఎక్కువైతే వరస జారిపోతుంది. ఎండాకాలమైనా ఆ కుంపటి పక్కనే కూర్చోవాలి. ఆ వేళ్ళకు చూపు ఉందేమో అనిపించేది నాకు. నేను మరీ ముందుకు వంగితే, "దూరం ఉండు బేటీ, కాలుతది" అనేవాడు రాళ్ళు పొదిగే ఆయన.

లక్క ఒక చిన్న పురుగు చెట్టు కొమ్మల మీద కక్కే జిగురని పెద్దయ్యాక చదివాను. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ, మోదుగ చెట్ల మీద దాన్ని పెంచుతారు. మోదుగ ఆకుల విస్తళ్ళలో అన్నం తిన్న ఊరి మనుషులం మేము. ఆ చెట్టు మీద పెరిగేదే మా చేతుల మీద మెరిసిందని తెలిసి ఎంత సంబరపడ్డానో!

కొలతల లెక్క కూడా అక్కడే నేర్చుకున్నాను. "రెండూ నాలుగా, రెండూ ఆరా?" అని అడిగేవాళ్ళు. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. రెండూ నాలుగంటే రెండుంబావు అంగుళాల గాజు. అమ్మమ్మ బడి మొహం చూడలేదు. అయినా ఒక్కసారి మణికట్టు పట్టుకుని కొలత చెప్పేసేది.

మట్టిగాజు చిట్లితే ఇక అంతే. లక్క గాజు అలా కాదు. ఊడిపోయిన రాళ్ళను అమ్మమ్మ చేతిరుమాలు కొసన ముడివేసి దాచేది. మళ్ళీ బజారుకు వెళ్ళినప్పుడు ఆ ముడి విప్పి కుంపటి దగ్గర పెట్టేది. ఆయన ఆ చోటు కాస్త వెచ్చచేసి, రాయిని పాత గుంటలోనే కూర్చోబెట్టేవాడు. దుకాణంలో రూపాయి రూపాయికీ పోట్లాడే అమ్మమ్మ ఇక్కడ నోరెత్తేది కాదు. "ఎంత భాయ్?" అని అడిగి, చెప్పినంతా చేతిలో పెట్టేది. ఎందుకని అడిగితే, "సరుకుకు బేరం చేస్త గని, చేతికి చేస్తనా బిడ్డా!" అంది. నేను విన్న ఆర్థికశాస్త్రంలో ఇంతకన్నా సరైన మాట లేదు.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది రావలసిన గౌరవమే. కానీ ఆ గుర్తింపు కుంపటి దాకా చేరాలంటే కొనేవాళ్ళకు తేడా తెలియాలి. ఇప్పుడు అదే వీధిలో అచ్చుపోసిన లోహపు గాజులూ, ప్లాస్టిక్ గాజులూ అవే తళుకులతో పక్కపక్కన వేలాడుతున్నాయి. దూరం నుంచి చూస్తే ఏది ఏదో పోల్చుకోలేం.

రంజాన్ రాత్రుల్లోనో, ఇంట్లో పెళ్ళి ముందో మీరు లాడ్ బజార్‌కు వెళితే ఒక్క మాట అడగండి: "ఇది లక్కదేనా, చేత్తో చేసిందేనా?" ఇంట్లో రాళ్ళు ఊడిన పాత జోడా ఉంటే పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. బాగుచేసిన చేతికి, అడిగినంతా ఇవ్వండి.