ఇచ్చిన చేపలే మిగిలాయి

పొద్దున ఏడింటికి ఆదోని బస్టాండు. ఒక చేతిలో ఉగ్గాని, బజ్జీ పొట్లం. ఇంకో చేతిలో ఖాళీ థర్మాకోల్ పెట్టె. ఎమ్మిగనూరు బస్సెక్కి కూర్చున్నాక కండక్టరు పెట్టె వైపు చూసి "ఏముందప్పా దాంట్లో?" అన్నాడు.

"ఇప్పుడేం లేదన్నా. వచ్చేటప్పుడు చేపలుంటాయి."

"కూరకా?"

"కాదన్నా, పెంచుకోడానికి."

నన్నొకసారి ఎగాదిగా చూసి, టికెట్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఎమ్మిగనూరు ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. ఏడాదిన్నర కిందట ఇదే పెట్టెలో పన్నెండు చేపలు తీసుకుపోయి అక్కడ ఒకాయనకు ఇచ్చొచ్చాను. ఇప్పుడు వాటి పిల్లల్ని అడిగి తెచ్చుకోడానికి పోతున్నా. ఎందుకంటే నా దగ్గర ఆ జాతి ఒక్కటీ మిగల్లేదు. అలాగని నా చేపలు చచ్చిపోలేదు. ఇంట్లో తొట్టి నిండా ఉన్నాయి. అదెలాగో చెప్తా.

ముందు చేప సంగతి. గప్పీ మీకు తెలిసే ఉంటుంది. గుడ్లు బయట పెట్టదు, కడుపులోంచే ఈదే పిల్లల్ని కంటుంది. మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ కూడా అంతే. దోమల కోసం మన బావుల్లో, కుంటల్లో వదులుతారే గంబూసియా, అదీ ఈ కుటుంబమే. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు దాన్ని. వీటికి దూరంగా, దుకాణాల్లో అసలైనది అరుదుగా దొరికే చుట్టం ఒకటుంది. పేరు ఎండ్లర్.

మగచేప రెండున్నర సెంటీమీటర్లు మించదు. ఒంటి మీద నారింజ, పచ్చ, నలుపు మరకలు. ఎండ పడితే చిన్న దీపంలా మెరుస్తుంది. దీని సొంతూరు దక్షిణ అమెరికాలోని వెనెజులా, కుమనా పట్టణం పక్కనున్న ఒక మడుగు. 1937లో ఫ్రాంక్లిన్ బాండ్ అనే ఆయన అక్కడ పట్టాడు. తర్వాత జనం మర్చిపోయారు. 1975లో జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త మళ్లీ కనుక్కున్నాడు. శాస్త్రీయ నామం పెట్టేసరికి 2005 వచ్చింది.

అంత దూరపు చేప ఆదోనిలో ఎట్లా బతుకుతుందని నన్ను చాలామంది అడిగారు. మా నీళ్ల పుణ్యం. మా బోరు నీళ్లతో సబ్బు రుద్దితే నురగ రాదు. బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. "ఈ నీళ్లు పాడుగాను" అని మా అమ్మ రోజుకోసారైనా తిట్టుకుంటుంది. బడి పుస్తకంలో కఠిన జలం అని చదువుకున్నామే, అవే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఈ పిల్లలు కనే చేపలకు అదే కావాలి. మెత్తటి నీళ్లలో వేస్తే నీరసపడతాయి. కుళాయికి వచ్చేవి తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు. అవి మాకు తాగడానికే చాలవు, ఇక చేపలకెక్కడ? బోరు నీళ్లే పోశాను. వాటికి నచ్చింది. మేం తిట్టుకునే నీళ్లను ఇష్టపడే ప్రాణి ఒకటుందని అప్పుడు తెలిసింది.

కష్టం వేరే చోట ఉంది. మా ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటితే మిద్దె మీది తొట్టి ఉడికిపోతుంది. అందుకే తొట్టిని మెట్ల కింద నీడలో పెట్టి, చుట్టూ తడిపిన గోనెపట్టా కప్పేవాణ్ని. కరెంటు పోతే గాలి మోటారు ఆగుతుంది కాబట్టి చేపల్ని పలచగా ఉంచేవాణ్ని. నాచు మాత్రం దండిగా వేసేవాణ్ని. పుట్టిన పిల్లలు దాంట్లో దాక్కోకపోతే తల్లే మింగేస్తుంది. దాదాపు మూడు, నాలుగు వారాలకోసారి ఒక్కో తల్లి పదో ఇరవయ్యో పిల్లల్ని పెట్టేది. నేను జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తా. ఆ అలవాటుతో చేపలకూ ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ తేదీన ఎన్ని పుట్టాయి, ఎన్ని మిగిలాయి, అన్నీ దాంట్లో ఉన్నాయి.

నాలుగు నెలల కిందట ఒకరోజు తొట్టిలో తోక విసనకర్రలా ఉన్న మగచేప ఒకటి కనిపించింది. ఎండ్లర్‌కు అంత తోక ఉండదు. గుండె జారిపోయింది. పక్కింటి పిల్లోణ్ని అడిగితే సంతోషంగా చెప్పాడు: "నేనే వేసినా అన్నా. మా ఇంట్లో గప్పీలన్నీ సచ్చిపోయి అదొక్కటే మిగిలింది. పాపం, తోడు లేదని."

వాణ్నేమనాలి? వాడు చేసింది దయే కదా.

గప్పీ, ఎండ్లర్ దగ్గర చుట్టాలు. కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. ఆడచేప ఒక్కసారి మగచేపతో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని, విడతల వారీగా పిల్లల్ని కంటుంది. కాబట్టి గప్పీని తీసేసినా లాభం లేదు. ఏ తల్లి కలిసిందో, ఏది కలవలేదో చూసి చెప్పలేం. రెండో తొట్టిలోకి అప్పటికే రెండు ఆడచేపల్ని మార్చి ఉన్నా, అదీ పోయినట్టే. తొట్టి నిండా చేపలున్నాయి గానీ అసలు జాతి అనుమానంలో పడింది. నోటుబుక్కులో ఆ రోజు అడ్డగీత గీశాను.

బస్సు కోటేకల్ దాటింది. రెండు పక్కలా నల్లరేగడి. పత్తి తీతకొచ్చింది, చేలల్లో తెల్లగా విచ్చుకుని ఉంది. ఇక్కడి పత్తి ఆదోని మార్కెట్‌కు పోతుంది. ఎమ్మిగనూరేమో నూలును గుడ్డగా మార్చిన ఊరు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ నేత సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గాల చప్పుడు ఇప్పుడు తగ్గింది గానీ, నేను పోయే ఇంట్లో ఇంకా వినిపిస్తుంది.

అన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. "రాప్పా, నీ సొమ్ము భద్రంగా ఉండాది" అంటూ పెరట్లోకి తీసుకుపోయాడు. వేపచెట్టు నీడలో మూడు సిమెంటు తొట్లు, పైన దోమతెర బిగించి ఉంది. తెర పక్కకు లాగాడు. మెరుపులే మెరుపులు. నాకు మాట రాలేదు.

గప్పీ సంగతి చెప్పాను. చాలాసేపు వినీ ఆయన అన్నాడు: "పడుగులో ఒక్క పోగు మారితే గుడ్డ పొడుగునా కనపడతాది. విప్పి సరిచేస్తాం. నీ చేపల్లో కనపడదు. అందుకే తెర కట్టినా."

నేను ఆయనకొక మెక్సికో కథ చెప్పాను. అక్కడి టెవుచిత్లాన్ నదిలో టెకీలా స్ప్లిట్‌ఫిన్ అనే చిన్న చేప ఉండేది. ఇదీ పిల్లల్ని కనేదే. నదిలో పూర్తిగా మాయమైంది. అయితే అంతకుముందే కొందరు ఔత్సాహికులు దాన్ని ఇళ్లలో పెంచుతున్నారు. 1998లో ఇంగ్లాండు నుంచి అయిదు జతలు మెక్సికో విశ్వవిద్యాలయానికి చేరాయి. వాటి సంతతే పెరిగి, 2017లో సుమారు 1,500 చేపలు మళ్లీ ఆ నదిలోకి వెళ్లాయి.

"అంటే యాడనో ఒకింట్లో ఉన్నందుకు బతికినాయి" అన్నాడు అన్న.

"ఒకింట్లో కాదన్నా, రెండు మూడిళ్లలో ఉన్నందుకు."

పద్నాలుగు పిల్ల చేపల్ని కవర్లో కట్టిచ్చాడు. మూడో వంతు నీళ్లు, మిగతా అంతా గాలి. ముందురోజు నుంచి మేత ఆపేశాడట, దారిలో నీళ్లు చెడకుండా. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోశాడు. "నువ్వేమన్నా తీసుకున్నావా అప్పుడు?"

మీరూ పెంచాలనుకుంటే రెండే మాటలు. గప్పీనీ ఎండ్లర్‌నూ ఒకే తొట్టిలో ఉంచకండి. వద్దనుకున్న చేపల్ని కాలవలో, చెరువులో వదలకండి. అక్కడ మన సొంత చిన్న చేపలున్నాయి, వాటి బతుకు వాటిది.

ఇంటికొచ్చేసరికి పక్కింటోడు గుమ్మంలోనే ఉన్నాడు. కలిసిపోయిన చేపల తొట్టి ఇప్పుడు వాడిదే. దాని మీద "కలిపినవి" అని వాడి చేతే రాయించాను, రేపు ఎవరికిచ్చినా నిజం చెప్పాలని. కొత్త తొట్టికి తెర బిగించేటప్పుడు దారం వాడే పట్టుకున్నాడు.

రాత్రి నోటుబుక్కు తీసి తేదీ వేశాను. "ఎమ్మిగనూరు నుంచి వచ్చినవి: 14." దాని పక్కన ఇంతకుముందు లేని గడి ఒకటి గీశాను. పైన "ఇచ్చినవి" అని రాసి, ఖాళీగా వదిలాను. గుంతకల్లులో ఒక స్నేహితుడు అడుగుతున్నాడు. ఎండలు ముదరకముందే వాడికి అయిదారు పంపాలి.