స్క్రాచ్ దట్!

గుంటూరు పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్సీ చేసే రోజుల్లో కేసు షీటు మీద నాలుగు ముక్కలు గీకితే పని అయిపోయేది. ఆ గీతలు నర్సుకి అర్థమయ్యేవి, మందుల షాపతనికి అర్థమయ్యేవి. మర్నాడు నాకే అర్థమయ్యేవి కావు, అది వేరే సంగతి. ఒహాయో వచ్చి ప్రాక్టీసులో కుదురుకున్నాక తెలిసింది, ఇక్కడ డాక్టరంటే సగం గుమాస్తా అని. ఎలక్ట్రానిక్ రికార్డులని ప్రోత్సహించిన 2009 చట్టం తర్వాత కాగితాలు పోయి అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. 2016లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, డాక్టరు పేషెంట్ ఎదురుగా గడిపే ప్రతి 1 గంటకీ కంప్యూటర్ దగ్గర, బల్ల దగ్గర దాదాపు 2 గంటలు పోతున్నాయి. ఆ పరిశీలన చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

మిగిలిపోయిన నోట్సు ఇంటికొచ్చాక రాయడాన్ని ఇక్కడ 'పైజామా టైమ్' అంటారు. పిల్ల పడుకున్నాక నేను గది తలుపు వేసుకుని, చెబుతుంటే కంప్యూటరే టైపు చేసుకునేలా మైకులో మొదలుపెట్టేదాన్ని. తలుపు ఎందుకంటే, పేషెంట్ సంగతులు మా ఆయన చెవినైనా పడకూడదు. "దగ్గు మూడు రోజులుగా, కామా, జ్వరం లేదు, పీరియడ్, న్యూ పారాగ్రాఫ్" అంటూ సాగే నా ఇంగ్లిష్ ధార, బయటికి మాటలు తెలియకుండా హోరు మాత్రమే వినపడి సహస్రనామం చదువుతున్నట్టు ఉంటుందని ఆయన అంటారు.

నాకు ఈ విద్యలో గురువు మా పిన్ని కొడుకు. అమెరికాలో కాదు, అమీర్‌పేటలో. 2000 ప్రాంతాల్లో హైదరాబాదులో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్పే బోర్డులు సందుకొకటి ఉండేవి. వాడూ అందులో చేరి, చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడలు పెట్టుకుని, ఇక్కడి డాక్టర్లు చెప్పి పంపిన గొంతులు రాత్రంతా విని టైపు చేసేవాడు. నేను మైకు కొనుక్కున్నానని చెబితే ఫోన్లో ఒకటే నవ్వు. "అక్కా, పీరియడ్, న్యూ పారాగ్రాఫ్, స్క్రాచ్ దట్... ఇవన్నీ మాకు చెప్పినవే! నేను పదేళ్లు విన్నాను" అన్నాడు. నిజమే. 'స్క్రాచ్ దట్' అంటే ఇప్పుడన్నది కొట్టేయమని. ఈ ఆజ్ఞల్లో చాలా వాటిని ఎవరో ఇంజనీరు కూర్చుని కనిపెట్టలేదు. డాక్టర్లు టైపు చేసే మనుషులకి చెప్పుకున్న మాటలే యంత్రానికి ఎక్కాయి.

అన్నట్టు, ఆ యంత్రానికీ మనవైపు చుట్టరికం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కంప్యూటర్‌కి మాట వినడం నేర్పిన తొలితరం వారిలో ఒకరు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కార్నెగీ మెలన్‌లో ఆయన దగ్గర చదివిన జేమ్స్ బేకర్, భార్య జానెట్‌తో కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ పెట్టారు. 1997లో వాళ్ల సాఫ్ట్‌వేర్ వచ్చాకే, మాటకీ మాటకీ మధ్య ఆగకుండా మామూలుగా మాట్లాడే వీలు జనానికి దొరికింది.

మాట్లాడటం వరకు నాకు నెలలో పట్టుబడింది. మన నాలుకకి వి, డబ్ల్యూ రెండూ ఒకటే కాబట్టి మొదట్లో కొంచెం తిప్పలు. హైపో, హైపర్ ఒకలాగే వినబడతాయని ఆ మాటలు వదిలేసి 'షుగర్ తక్కువ', 'పొటాషియం ఎక్కువ' అని ఇంగ్లిష్‌లో విడమర్చి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి మైకు ఆపకుండా అమ్మ ఫోను ఎత్తాను. "తిన్నావా, అమ్మా?" అని నేనడిగిన ప్రశ్న, ఒక ముసలాయన మోకాలి నొప్పి నోట్లో 'టీనా ఒబామా' అని పడింది. అప్పటినుంచి ఫోను మోగితే ముందు 'గో టు స్లీప్' అంటాను, తర్వాతే హలో.

అసలు వేగం మాట్లాడటంలో లేదు, సొంతంగా తయారుచేసుకునే ఆజ్ఞల్లో ఉంది. 'నార్మల్ ఎగ్జామ్' అంటే చాలు, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, కాళ్లు అన్నీ బాగున్నాయని 12 వరుసలు టపటపా పడిపోతాయి. మారవలసిన చోట్ల బ్రాకెట్లు పెట్టుకుని, 'నెక్స్ట్ ఫీల్డ్' అంటూ ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకొచ్చు. ఇది పట్టుబడ్డాక రాత్రి పదకొండుకి అయ్యే పని తొమ్మిదిన్నరకే అయ్యేది. నాకు గర్వం కూడా వచ్చింది.

ఆ గర్వం దించినవాడు ఒక పాత ట్రక్కు డ్రైవరు. షుగర్ వల్ల ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. 2021 ఏప్రిల్ నుంచి ఇక్కడ పేషెంట్లకి వాళ్ల నోట్సు ఆలస్యం లేకుండా ఆన్‌లైన్‌లో చూపించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఆయన నా నోట్ ప్రింటు తీసుకుని వచ్చాడు. "డాక్టర్, నా ఎడమ పాదం మీకు దొరికిందట కదా. ఎక్కడుందో చెబితే పట్టుకెళ్తాను" అన్నాడు. చూస్తే, 'రెండు పాదాల్లోనూ నాడి బాగా అందుతోంది' అని నా సంతకం కింద ఉంది. యంత్రం తప్పు విననే లేదు. నేను చెప్పిన ఆజ్ఞకి నేను రాసిపెట్టుకున్న వరుసే పడింది. చూడకుండా సంతకం పెట్టింది నేను. సంతకం అయ్యాక 'స్క్రాచ్ దట్' పనిచేయదు. సవరణ కింద చేర్చాలి, మొదటి తప్పు పైన అలాగే ఉంటుంది.

తమ్ముడికి చెప్పాను. ఈసారి నవ్వలేదు. "మా దగ్గరైతే, పైన కాలు తీసేశారని విని కింద రెండు పాదాలంటే, అక్కడ ఖాళీ వదిలి 'డాక్టరుగారూ, సరిచూడండి' అని రాసి పంపేవాళ్లం అక్కా" అన్నాడు. వాడి మాటకి తగ్గ లెక్కా ఉంది. 2018లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో 217 నోట్సు పరిశీలించి లెక్క వేశారు. యంత్రం రాసినదాంట్లో 100 మాటలకి 7.4 తప్పులు. అదే టైపు చేసే మనిషి ఒకసారి చూశాక 0.4. మా వాడి కొలువు పోయింది, వాడు చేసిన ఆ పని మాత్రం ఎవరో ఒకరు చేయక తప్పదు. ఇప్పుడు గదిలో మాటలు విని నోట్ అంతా తనే రాసేసే కొత్తరకాలు వచ్చాయి. వాటి విషయంలోనూ నాది ఇదే మాట.

నా ఆజ్ఞలోంచి పాదాల వరుస తీసేసి ఖాళీ బ్రాకెట్ పెట్టాను. రెండోది, వీలైనంతవరకు నోట్సు పేషెంట్ ఎదురుగానే మైకులో చెబుతాను. తాగుడు, దిగులు, క్యాన్సర్ అనుమానం లాంటివి తప్ప. కొందరు డాక్టర్లకి ఇది నచ్చదు. కూతురి దగ్గరికి వచ్చిన ఒక మామ్మగారు మాత్రం, నేను మైకులో మొదలుపెట్టగానే, "ఎవరితో అమ్మాయ్, ఆ మాటలు?" అంది. కంప్యూటర్‌తో అన్నాను. కాసేపు విని, "రైటంటావేంటి? నొప్పి ఈ కాలు కదా" అని ఎడమ మోకాలు తట్టి చూపించింది. మైకులో 'స్క్రాచ్ దట్' అన్నాను.

మీరు అమెరికాలో ఉంటే, మీ నోట్సూ, మీ దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల నోట్సూ ఆన్‌లైన్‌లో తెరిచి ఒకసారి చదవండి. ఎడమ కుడి అయిందేమో, లేని జబ్బు చేరిందేమో, మందు పేరు మారిందేమో చూడండి. తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా డాక్టరుకి రాయండి. నాలాంటి వాళ్లం ఏమీ అనుకోం.