గోపాలపురం గాలి – ఇంటి కంచె

బరంపురానికి 16 కిలోమీటర్ల దూరంలో వున్న గోపాలపురం మన గంజాం తెలుగువారికి కొత్త ఊరు కాదు. ఒకప్పుడు ఈ రేవులో స్టీమరెక్కి రంగూను వెళ్ళినవారి కథలు మన ముసలివారు చెప్పగా విన్నవే. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం మద్రాసు రాజధాని నుంచి విడివడి ఒరిస్సాలో చేరినది. ఆ స్టీమర్లు పోయినవి. దీపస్తంభమూ, ఇసుక తిన్నెలూ వున్నవి. యాత్రికులు వాటినే చూస్తారు. ఈసారి నేను చూచి వచ్చినవి మాత్రం కంచెలు.

దారిలో చేలగట్ల మీద మొగలి పొదలే కంచె. పువ్వు అత్తరు బట్టీకి పోతుంది. ముల్లు పశువును ఆపుతుంది. ఊళ్ళోకి రాగానే వెదురు దడులు, సరుగుడు గుంజలు, కొత్త మేడలకు తళతళలాడే అల్యూమినియం కమ్మీలు. ఒరియావారు అన్నిటినీ 'బాడ' అనే అంటారు. మనకు కంచె వేరు, దడి వేరు.

మా పెద్దక్కయ్య ఇల్లు అక్కడే, సముద్రానికి దగ్గర. బావగారు పోయిన తర్వాత ఒంటరిగా వుంటున్నది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచి, ఆమె కర్ర కంచెను ఊడ్చుకుపోయింది. అప్పటినుంచీ తాత్కాలికపు దడే. సూరత్‌లో వుద్యోగం చేసే మా మేనల్లుడు డబ్బు పంపి, "మామయ్యా, అల్యూమినియం వేయించండి" అని రాశాడు. అక్కయ్య కర్రే కావాలంటుంది. తగవు తీర్చే పని నాకు తగిలింది.

గుమాస్తాను గనుక కాగితం మీద రెండు గడులు గీశాను. అల్యూమినియం బరువు ఇనుములో మూడోవంతు. గాలి తగలగానే దానిపైన సన్నని పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఇనుములా తుప్పు రాలదు, చెద పట్టదు. ఖనిజం మన కొరాపుట్ కొండలదే; దమన్‌జోడిలో అల్యూమినా, అంగుల్‌లో లోహం తయారవుతున్నవి. అయితే ఉప్పుగాలి దానికీ పగే. సత్తు గిన్నెలో ఉప్పూ చింతపండూ నిలవవుంచితే ఏమవుతుందో మన ఆడవారికి తెలుసు. చిన్నచిన్న గుంటలు పడతవి. అందుచేత పొడిరంగు పూత వున్న కమ్మీలే తీసుకోవాలి, అప్పుడప్పుడు మంచినీళ్ళతో కడగాలి. మామూలు ఇనుప మరలు బిగిస్తే ఉప్పుతడికి అల్యూమినియమే ముందు తినుకుపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు, మధ్య ప్లాస్టిక్ వాషర్లు వుండాలి. తడి సిమెంటు క్షారం కూడా దానికి పడదు.

కర్ర సంగతి వేరు. గుంజ కుళ్ళేది పైనా కాదు, అడుగునా కాదు. గాలీ తడీ కలిసే నేలమట్టం దగ్గర. సిమెంటు దిమ్మె మీద ఇనుప పట్టీలో గుంజ నిలిపితే ఆయుష్షు పెరుగుతుంది. టేకు చేవ నిలుస్తుంది, ఖరీదెక్కువ. సరుగుడు చవక, త్వరగా పోతుంది. ఒక పలక విరిగితే ఊరి వడ్రంగి మర్నాటికి వేస్తాడు. వంగిన అల్యూమినియం కమ్మీకి బరంపురం పరుగెత్తాలి. ఏదైనా సరే, సందులు లేకుండా మూస్తే గాలికి తెరచాప అవుతుంది.

లెక్క అల్యూమినియం వైపే మొగ్గింది. "ఏటేటా రంగెవరు వేస్తారక్కయ్యా?" అన్నాను.

ఆమె కాసేపు పలకలేదు. తరువాత, "అందుకేరా తమ్ముడూ. రంగు వేయాలంటే వాడు ఏడాదికొకసారైనా వస్తాడు. వాళ్ళ నాన్న వేస్తుంటే డబ్బా పట్టుకుని నిలబడేవాడు" అన్నది.

నా కాగితంలో ఆ పద్దు వేసుకోవడానికి గడి లేదు. మేనల్లుడికి ఫోను చేసి ఆ మాట ఉన్నదున్నట్లు చెప్పాను. చివరికి మూడు వైపులా సందులుగల అల్యూమినియం, వీధివైపు మాత్రం టేకు పలకలు అని నిశ్చయించాము. రంగు డబ్బా కొనవద్దు, తానే తెస్తానన్నాడు.

సముద్రతీరాన ఇల్లున్న మనవాళ్ళకు నా మనవి: ధర అడిగే ముందు, ఆ కంచెను చూచుకునేవారెవరో తేల్చుకోండి. మనిషి దగ్గర లేనిచోట అల్యూమినియం, మనిషి వుండే చోట, రావలసిన చోట కర్ర.