కాపలా లేని దారి

‘నిర్మానుష్యం’ అన్న మాట మగవాళ్ల రచనల్లో చాలాసార్లు ప్రశాంతతకి గుర్తుగా వస్తుంది. అదే మాట మన జీవితాల్లోకి వచ్చేసరికి హెచ్చరిక అయిపోతుంది. "ఆ దారి నిర్మానుష్యంగా ఉంటుంది, అటు వెళ్లకు" అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరైనా ఉన్నారా? పోనీ జనం తిరిగే రోడ్డు మనదా అంటే అదీ లేదు. లారీలు, హారన్లు, రాసుకుంటూ పోయే మోటారు సైకిళ్లు, వాటి మీంచి విసిరే మాటలు... ఖాళీ దారితో ఒక భయం, రద్దీ దారితో మరో భయం. ఈ రెండింటికీ చెందని దారి ఒకటి ఉంటుందని నాకు ముప్పై దాటాక, పరిశోధన పని మీద ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో కొన్ని నెలలు ఉన్నప్పుడు తెలిసింది.

అక్కడి పల్లెల్లో ‘వ్వా వెర్త్’ అని ఉంటాయి. పచ్చదారి అని అర్థం. 2004లో ఫ్రాన్సు రోడ్డు నిబంధనల్లో దీనికి ఒక నిర్వచనం చేరింది: మోటారు లేని వాహనాలకీ, నడిచేవాళ్లకీ, గుర్రాల మీద వెళ్లేవాళ్లకీ మాత్రమే కేటాయించిన దారి. వీటిలో చాలావరకు రైళ్లు ఆగిపోయిన పాత రైలు కట్టలు, కాలువ గట్లు. బర్గండీలో జీవ్రీ నుంచి క్లూనీ దాకా పాత రైలు మార్గాన్ని 1997లో ఇలా మార్చడంతో ఇది మొదలైంది. బ్రిటనీలో పట్టాలు తీసేసిన చోట సన్నటి ఇసుక, కంకర కలిపి గట్టిగా చదును చేశారు. మా పశ్చిమగోదావరిలో అయితే దీన్ని గ్రావెల్ రోడ్డు అనే అంటాం. అలాంటి నేల మీద జారకుండా ఉండే కాస్త వెడల్పు టైర్ల సైకిలొకటి నెలవారీ అద్దెకి తీసుకున్నాను. శనివారాలు రెన్ నుంచి బయల్దేరి జోస్లాఁ వెళ్లేదాన్ని. ఊస్ట్ నది నీళ్లలో మూడు బురుజుల కోట నీడ కనిపించే ఊరు అది. అక్కడినుంచి మాలెత్రువా దాకా సుమారు పాతిక కిలోమీటర్లు గట్టు వెంటే ప్రయాణం.

అది నాంత్ నుంచి బ్రెస్ట్‌కి పోయే కాలువ గట్టు. సముద్రం మీద ఇంగ్లీషు ఓడల బెడద తప్పించుకోవడానికి నెపోలియన్ తవ్వించడం మొదలుపెట్టాడు. పూర్తయ్యేసరికి 1842 వచ్చింది. పొడవు దాదాపు 360 కిలోమీటర్లు, లాకులు రెండు వందలకు పైనే. గ్లోమెల్ దగ్గర ఎత్తైన నేలని ఖైదీల చేత ఏళ్ల తరబడి తవ్వించారు. నేను సైకిలు తొక్కిన గట్టు పడవల్ని తాడుతో లాగడానికి వేసినది. గుర్రాలతో పాటు మనుషులూ లాగేవాళ్లు. ఫ్రాన్సు కాలువల మీద పడవ కుటుంబాల్లో మొగుడు చుక్కాని దగ్గరుంటే భార్యాపిల్లలు భుజానికి పట్టీ వేసుకుని లాగడం మామూలే. గోదావరి కాలవల మీద తాళ్లు పట్టి పడవలు లాగిన కథలు మా తాతయ్య చెప్తుంటే విన్నదాన్ని కాబట్టి ఆ గట్టూ, ఆ లాకులూ నాకు పరాయివనిపించలేదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. రోడ్డు మీద ఉన్నంతసేపూ మన బుద్ధిలో సగం కాపలా కాస్తూనే ఉంటుంది. వెనక వస్తున్న బండి చప్పుడు, ముందు నిలబడ్డ గుంపు, చున్నీ, బ్యాగు, వెలుతురు, టైము. మిగిలిన సగంతోనే మనం ఆలోచిస్తాం, పాఠాలు సిద్ధం చేసుకుంటాం, కవిత్వం రాస్తాం. ఆ గట్టు మీద మొదటి రెండు శనివారాలు నేను ప్రతి ఐదు నిమిషాలకీ వెనక్కి తిరిగి చూశాను. వెనక నీళ్లూ, చెట్లూ, ఒక్కోసారి కుక్కతో నడుస్తున్న ముసలాయన. "బోఁజూర్" అని తన దారిన తను పోయేవాడు. మూడో వారం ఎప్పుడో తిరిగి చూడటం మానేశాను. ఆ సాయంత్రం రైల్లో కూర్చుని, ఏడాదిగా కదలని ఒక అధ్యాయానికి నాలుగు పేజీలు రాసుకున్నాను.

దీన్నిబట్టి అక్కడి ఆడవాళ్లకి భయం లేదని అనుకోకూడదు. చీకటి పడ్డాక ఆ దారుల్లో దీపాలుండవు, ఒంటరిగా వెళ్లమని అక్కడి స్నేహితురాళ్లే చెప్పారు. పారిస్‌లో ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలని 1800లో ఒక ఉత్తర్వు వచ్చింది. 1892, 1909ల్లో దాన్ని సడలించారు - చేతిలో సైకిలు హ్యాండిలో, గుర్రం కళ్లెమో ఉంటే ప్యాంటు వేసుకోవచ్చని! ఆ ఉత్తర్వు చెల్లదని ప్రభుత్వం ప్రకటించింది 2013లో. సిమోన్ ది బోవా 1931-32లో మార్సేలో పాఠాలు చెప్పే రోజుల్లో, సెలవు దొరికితే చాలు ఒంటరిగా కొండల్లో మైళ్లకు మైళ్లు నడిచేది. అత్యాచారం జరుగుతుందని తోటి టీచర్లు హెచ్చరించినా ఆగలేదు. సైకిలు మాత్రం 1940లో, ముప్పై రెండేళ్లకి నేర్చుకుంది. మరుసటి వేసవిలో సార్త్ర్‌తో కలిసి సైకిలు మీదే దేశంలో చాలా దూరం తిరిగింది. జర్మన్ ఆక్రమణలో పెట్రోలు కరువై రోడ్ల మీద కార్లు దాదాపుగా లేని కాలం అది. ఆమె ధైర్యాన్ని మనం చాలాసార్లు తలచుకున్నాం. ఆ ఖాళీ రోడ్ల సంగతి మాత్రం ఎందుకో ఎవరం పట్టించుకోలేదు.

మాలెత్రువా దగ్గర కాలువని ఒక పాత రైలు కట్ట కలుస్తుంది. దాని మీద ప్లోయెర్మెల్ వైపు వెళ్తుంటే, రోడ్డు అడ్డొచ్చిన ప్రతిచోటా ఒక చిన్న ఇల్లు. అన్నీ ఒకే కొలతల్లో కట్టినవి. ఒకప్పటి గేటు కాపలా ఇళ్లు. ఫ్రాన్సులో ఈ గేట్లు కాసింది ఎక్కువగా ఆడవాళ్లే. పట్టాల మరమ్మతు చేసే కూలీల భార్యలకి రైల్వే కంపెనీలు ఆ పని అప్పగించేవి. ఉండటానికి ఇల్లిచ్చాం కదా అని జీతం నామమాత్రంగా ఇచ్చేవి. పగలూ రాత్రీ రైలొచ్చే వేళకి గేటు వెయ్యాలి, తియ్యాలి. మధ్యలో వంట, పిల్లలు, కోళ్లు, కూరపాదులు.

అలాంటి ఒక ఇంటి ముందు నీళ్ల కోసం ఆగాను. ఎనభై దాటిన ఆవిడ సీసా నింపి ఇచ్చింది. వాళ్లమ్మ వేరే లైను మీద గేటు కాసేదట. "మరి మీ అమ్మగారు రైలెక్కి ఎక్కడికీ వెళ్లేవారు కాదా?" అని అడిగాను. "పెళ్లిళ్లకి వెళ్లేది. గేటు చూడటానికి ఇంకో ఆడమనిషి దొరికితేనే" అంది. ఆ లైను మూసేశాక కూడా చాలా ఏళ్లు వాళ్లమ్మ తెల్లవారుజామున సరిగ్గా మొదటి రైలు టైముకి లేచి కూర్చునేదట.

ఈ ఆడవాళ్లు సాహిత్యంలో ఎక్కడున్నారని వెతికితే నాకు మొదట దొరికింది జోలా 1890లో రాసిన ‘లా బేత్ యుమేన్’. అందులో గేటు కాసే ఫాజీ, జబ్బుపడి, తన కిటికీ ముందు నుంచి రోజూ వేలమంది వెళ్లిపోతున్నారే, నేనిక్కడ ఉన్నానని ఒక్కరికైనా తెలుసా అనుకుంటుంది. మొగుడు డబ్బు కోసం ఆమెకి కొద్దికొద్దిగా విషం పెడుతుంటాడు. తల్లి తర్వాత గేటు పనిలోకి వచ్చిన కూతురు ఫ్లోర్ చివరికి రైలునే పడగొడుతుంది. విమర్శకులు ఆ పని వెనక అసూయని చూశారు. నవల కూడా అదే చెప్తుంది. నాకు మాత్రం, ఇతరుల ప్రయాణాలకి కాపలా కాయడమే తన బతుకైపోయిన మనిషి ఆ ప్రయాణాన్నే ఆపేసినట్టుగా కూడా కనిపిస్తుంది. నేను రాసుకున్న నాలుగు పేజీలూ చివరికి ఈ గేటు దగ్గరికే వచ్చి చేరాయి.

పట్టాలు పోయాయి, గేట్లు పోయాయి. ఆడవాళ్లు నిద్ర మానుకుని కాసిన ఆ కట్ట మీద ఇప్పుడు నాలాంటిది వెనక్కి చూడకుండా సైకిలు తొక్కగలుగుతోంది. అది నా ధైర్యం వల్ల సాధ్యమైంది కాదు. ఒక నిబంధన, చదును చేసిన నేల, కార్లు రాకుండా అడ్డుకట్టలు, కొద్ది దూరానికొక ఇల్లు, అలవాటుగా పలకరించే నడకవాళ్లు - ఇవన్నీ ఎవరో ఆలోచించి, ప్రజల డబ్బు పెట్టి ఏర్పాటు చేసినవి. మన ఆడపిల్లలకి ధైర్యం గురించి పాఠాలు చెప్పే వ్యాసాలు, ఉపన్యాసాలు మనకి కొదవలేదు. వాళ్ల తలలోని ఆ కాపలామనిషికి కాసేపు సెలవిచ్చే దారి ఎలా ఉండాలో, దాన్ని ఎవరిని అడగాలో కూడా మనం రాయాలి. మా కాలవ గట్ల వెంట అలాంటి దారి ఒకటి పడితే, సైకిలెక్కిన పిల్ల వెనక్కి చూడకుండా ఏం ఆలోచిస్తుందో తెలుసుకోవాలని ఉంది నాకు.