మా హుల్సూరు మేనేజరు గారు

ఈ వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. బెంగళూరు నుంచి మా పాత మేనేజరు గారి అబ్బాయి. "నాన్నగారు రాత్రి పోయారు అంకుల్. మీకు తప్పకుండా చెప్పమంది అమ్మ" అన్నాడు. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆయన కింద పనిచేసింది మూడేళ్ళు కూడా లేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎందరో మేనేజర్ల దగ్గర పనిచేశాను. కానీ "మా మేనేజరు గారు" అంటే ఇప్పటికీ నాకు ఆయన ఒక్కరే.

బి.కాం. పాసై, బ్యాంకు పరీక్ష రాసి, క్లర్కు-కమ్-క్యాషియరుగా నా మొదటి పోస్టింగు అందుకున్నది 1993 జులైలో. ఊరు హుల్సూరు. బీదర్ జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. ఈమధ్యే తాలూకా కేంద్రమైంది గానీ, అప్పట్లో బసవకల్యాణ తాలూకాలో ఒక పెద్ద పల్లె. భాల్కి స్టేషనులో రైలు దిగి, బస్సెక్కి, ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్టతో చేరాను. చుట్టూ జొన్న, కంది, పెసర, మినుము చేలు. సంతలో నిలబడితే ఒక చెవికి కన్నడం, ఒక చెవికి మరాఠీ, మధ్యలో దక్కనీ ఉర్దూ. తెలుగు మాట వినిపించాలంటే మా బ్రాంచిలోకి రావలసిందే.

మేనేజరు గారిది అనంతపురం జిల్లా. కన్నడం ఇంటి భాషలా మాట్లాడేవారు. మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా, తిన్నావా?" అన్నారు. ఉద్యోగంలో నా మొదటి ఇంటర్వ్యూ అదే! ఆ సాయంత్రం ఇంటికి తీసుకుపోయారు. అమ్మగారు జొన్నరొట్టెలు, గోంగూర పప్పు వడ్డించారు. "ఇక్కడ గోంగూర దొరకదేమో అని దిగులుపడ్డాను నాయనా. తీరా చూస్తే వీళ్ళు పుండి పల్లె అనేది దాన్నే" అని నవ్వారామె. పరాయి ఊళ్ళో కాపురం పెట్టిన మన ఆడవాళ్ళందరికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుందనుకుంటాను.

ఆయన పద్ధతులు కొన్ని చెప్పాలి. వేలిముద్ర వేసే రైతు వచ్చినా ముందు కుర్చీ చూపించేవారు. అప్పు కాగితం మీద వేలిముద్ర వేయించే ముందు, దానిలో ఏముందో రైతు భాషలో చదివి వినిపించేవారు. ఎంత రద్దీ ఉన్నా ఆ చదవడం మానేవారు కాదు. బసవన్న నడిచిన కల్యాణం పక్కనే ఉంది, కాయకం అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకు మనం చెప్పక్కర్లేదు, మన పని మనం చేద్దాం అనేవారు.

బ్యాంకులకు అవి గడ్డు రోజులు. 1990లో పదివేల రూపాయల దాకా వ్యవసాయ రుణాల మాఫీ వచ్చాక, కట్టేవాళ్ళు కూడా కట్టడం తగ్గించారు. మరోవైపు మన తెలుగువారే అయిన మైదవోలు నరసింహం గారి కమిటీ 1991 నవంబరులో నివేదిక ఇచ్చింది. 1992-93 లెక్కల నుంచి, వసూలు కాని బాకీ మీద వడ్డీని ఆదాయంగా చూపించుకోకూడదన్న నియమం వచ్చింది. పై ఆఫీసు నుంచి రోజుకో సర్క్యులరు. చాలామంది మేనేజర్లు బాకీదారుల మీద కేకలు వేయడం మొదలుపెట్టారు. మా మేనేజరు గారు మాత్రం ఆదివారాలు రాజ్‌దూత్ మోటారు సైకిలు మీద ఊళ్ళు తిరిగి, రైతుల అరుగుల మీద కూర్చుని వచ్చేవారు. "నరసింహం గారు చెప్పింది సరైనదే. రాని ఆదాయాన్ని వచ్చినట్టు రాసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. కానీ ఆ పద్దు వెనక మనిషి ఎందుకు కట్టలేదో కనుక్కోవడం కూడా మన పనేనప్పా" అనేవారు.

ఇక అసలు విషయం. 1993 సెప్టెంబరు 30, గురువారం. తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా నా గదిలో అలమరా మీది గిన్నెలన్నీ దడదడా కింద పడ్డాయి. మంచం ఎవరో పట్టి ఊపినట్టయింది. బయటికి పరుగెత్తాను. ఊరంతా వీధిలో ఉంది. పిల్లల ఏడుపులు, కుక్కల అరుపులు. తెల్లవారాక రేడియోలో తెలిసింది, సరిహద్దుకు అవతల లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూకంపమని. గణేశ నిమజ్జనాల సందడి ముగించుకుని పడుకున్న ఊళ్ళు. రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, పైన బరువైన మట్టి మిద్దెలు. నిద్రపోతున్నవాళ్ళ మీదే కూలాయి. దాదాపు పదివేల మంది పోయారని తర్వాత లెక్క తేలింది.

కిల్లారి మాకు పేరుకే వేరే రాష్ట్రం. 1956లో రాష్ట్రాలు మారేదాకా నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బీదర్ జిల్లాలోవే. పటంలో గీత గీశారు గానీ పెళ్ళిళ్ళకు గీత లేదు. హుల్సూరులో చాలా ఇళ్ళ ఆడపిల్లలు అటువైపే కోడళ్ళు.

ఆ రోజు బ్యాంకుకు అర్ధ సంవత్సరం లెక్కల ముగింపు. అప్పట్లో ఆ రోజు సిబ్బంది లోపల పనిచేసేవారు, బయటివాళ్ళతో లావాదేవీలు ఉండేవి కావు. తొమ్మిది గంటలకు నేను వెళ్ళేసరికి వరండాలో ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. జీపులు మాట్లాడుకుని బయలుదేరాలి, చేతిలో డబ్బు లేదు. నేను లోపలికి వెళ్ళి, "రేపు రమ్మని చెబుదాం సార్. ఈ రోజు పేమెంట్లు చేయకూడదు కదా" అన్నాను. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఇంకా ప్రొబేషనులోనే ఉన్నాను. రూలు పుస్తకమంటే నాకు భయభక్తులు.

ఆయన కోప్పడలేదు. "క్యాషు సేఫుకు రెండు తాళాలు. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. నువ్వు వద్దంటే నేను తెరవలేను, బలవంతపెట్టను కూడా. కానీ ఆ రేపు రమ్మనే మాట నువ్వే బయటికి పోయి వాళ్ళకు చెప్పిరా అప్పా" అన్నారు.

వెళ్ళాను. ముందు వరుసలో ఒక ముసలామె. కొంగు ముడిలోంచి పాస్‌బుక్కు తీసి నా చేతిలో పెట్టింది. కూతుర్ని ఉమర్గా అవతల ఊరికి ఇచ్చిందట. ఏడవడం లేదు. నా మొహంలోకి చూస్తూ ఉంది. నా నోట మాట రాలేదు. తిరిగొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టాను.

మనిషికి ఐదొందలో వెయ్యో, ఖాతాలో ఉన్నదాన్నిబట్టి ఇచ్చాం. ఇంకో క్లర్కు సెలవులో ఉన్నాడు. నేనే లెడ్జరు చూసి బాకీ చెప్పడం, ఆయన వోచరు మీద సంతకం చేయడం, నేనే డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం. ఆయన దేన్నీ దాచలేదు. అన్ని వోచర్లమీదా ఆ రోజు తేదీయే వేసి, ఎందుకు చెల్లించామో ఒక నోటు రాసి పెట్టారు.

రాత్రి లెక్కలు సరిచూస్తుంటే నా గుండె జారిపోయింది. ఒకే పేరున్న ఇద్దరు రైతుల్లో ఒకరి ఖాతా బదులు ఇంకొకరిది చూసి, "ఉంది సార్" అని చెప్పాను. అరవై రూపాయలున్న మనిషికి వెయ్యి ఇచ్చేశాం. వణుకుతూ వెళ్ళి చెప్పాను. "సరే, పొద్దుపోయింది, పోయి పడుకో" అన్నారు. ఆ రైతు దీపావళి తర్వాత వచ్చి కొంత, సంక్రాంతికి మిగతాది కట్టేశాడు. బ్యాంకుకు పైసా నష్టం లేదు.

కానీ మరుసటి ఏడాది ఇన్‌స్పెక్షనులో ఇది బయటపడింది. ముగింపు రోజున చెల్లింపులు ఒక తప్పు, ఖాతాలో లేని డబ్బు ఇవ్వడం ఇంకో తప్పు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఆయన తన జవాబు నాకు చూపించారు. "చెల్లింపులన్నీ నా నిర్ణయం మీద, నా సంతకంతో జరిగాయి. పూర్తి బాధ్యత నాది" అని నాలుగు వాక్యాలు. నేను కూడా జవాబు రాశాను. "మేనేజరు గారు పాస్ చేసిన వోచర్ల ప్రకారం చెల్లించాను" అని. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. లెడ్జరు చూసి తప్పు చెప్పింది నేనేనన్న మాట మాత్రం లేదు.

కామర్స్ చదివినవాళ్ళకు మొదటి ఏడాదిలోనే ఒక పాఠం చెబుతారు. ట్రయల్ బ్యాలెన్సు కుదిరినంత మాత్రాన పుస్తకాల్లో తప్పులు లేనట్టు కాదు. అసలు రాయకుండా వదిలేసిన పద్దు ట్రయల్ బ్యాలెన్సులో ఎప్పటికీ బయటపడదు. నా జవాబు అలాంటిదే.

ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆ ఏడు రావలసిన ప్రమోషను మూడేళ్ళు వెనక్కి పోయింది. అప్పటికే నా ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం ఆయనే నా చేతికిచ్చి, అమ్మగారి చేత పాయసం చేయించారు. ఆ పాయసం నాకెలా గొంతు దిగిందో ఇప్పటికీ అర్థం కాదు. ఆ విషయం ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు. మాటలో గానీ చూపులో గానీ తేడా రాలేదు.

తర్వాత నేను ఆఫీసరునయ్యాను, నాలుగైదు బ్రాంచీల్లో మేనేజరు కుర్చీలో కూర్చున్నాను. నా కింది పిల్లలెవరైనా తప్పు చేసి వణుకుతూ వచ్చినప్పుడల్లా హుల్సూరు గుర్తొచ్చేది. "పోయి పడుకో" అని నేనూ అన్నాను. కానీ వాళ్ళ మెమోలన్నీ నా నెత్తిన వేసుకున్నానని చెబితే అది అబద్ధమవుతుంది.

2009లో ఆయన రిటైరైనప్పుడు వీడ్కోలు సభకు వెళ్ళాను. ఎలాగైనా ఈసారి చెప్పేయాలనుకున్నాను. భోజనాలయ్యాక పక్కకు పిలిచి, "సార్, హుల్సూరులో ఆ రోజు..." అని మొదలుపెట్టాను. ఆయన కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. నా భుజం మీద చెయ్యి వేసి, "అవునప్పా, నిన్నే అడగాలనుకుంటున్నా. ఆ అవ్వ ఉండె చూడు, ముందు నిలబడింది, ఆమె కూతురు సంగతి ఏమైనా తెలిసిందా?" అన్నారు.

నాకు తెలియదు. ఆ తర్వాత ఆ బ్రాంచిలో దాదాపు రెండేళ్ళు పనిచేసి కూడా నేను కనుక్కోలేదు. పదహారేళ్ళుగా నేను మోసింది నా మెమోనే. ఆయన మనసులో పెట్టుకున్నది ఆ అవ్వ కూతుర్ని. నేను చెప్పాలనుకున్న మాట నోట్లోనే ఆగిపోయింది. "కనుక్కుంటాను సార్" అన్నాను. అది కూడా చేయలేదు. బదిలీలు, పిల్లల చదువులు, పెద్దవాళ్ళ ఆస్పత్రులు. సాకులకేం తక్కువ?

బెంగళూరులో ఆయన పదకొండో రోజు కార్యానికి వెళ్ళివచ్చిన వారం తర్వాత, సెలవు పెట్టి హుల్సూరు వెళ్ళాను. జొన్న చేలు చాలావరకు సోయా చేలయ్యాయి. అప్పటి మా అటెండరు ఇంకా ఉన్నాడు, బాగా ముసలివాడయ్యాడు. అవ్వ సంగతి అడిగితే నన్ను వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర ఒక కిరాణా కొట్టుకు తీసుకెళ్ళాడు.

కొట్టులో ఉన్నది అవ్వ మనవడు. నలభైకి దగ్గరపడ్డాడు. కూతురూ అల్లుడూ ఆ రాత్రే పోయారట. ఆరేళ్ళ ఇతన్ని మాత్రం గోడ కింది నుంచి బతికుండగా తీశారు. అదే రోజు సాయంత్రానికి జీపు కట్టించుకుని వెళ్ళిన అవ్వ, పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేరుగా బీదరు ఆస్పత్రికి తీసుకుపోయింది. కాలు నిలిచింది. అవ్వ పోయి పదేళ్ళు దాటింది. "బ్యాంకు మూసిన రోజు సాహెబు తలుపు తీశాడని చెప్పేది. ఆయన మీరేనా?" అని అడిగాడు.

"కాదు. ఆయన పోయారు. నేను ఆ రోజు తలుపు తీయొద్దన్నవాణ్ణి" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఒకరికి చెప్పడం అదే మొదటిసారి. అతను కాసేపు ఊరుకుని, టీ తెప్పించాడు.

ఆ రాత్రి అమ్మగారికి ఫోను చేసి మొత్తం చెప్పాను, నా జవాబులో రాయకుండా వదిలేసింది కూడా. ఆమె అంతా విని, "ఆయనకు తెలుసు నాయనా, నీకు చెప్పుకోవాలని ఉందని" అన్నారు. కొంచెం ఆగి, "ఆ పిల్లవాడి పేరేమిటన్నావు? రేపు పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆయన ఫోటో ముందు చెబుతాను" అన్నారు.

పేరు చెప్పాను. ఆమె రాసుకున్నారు.